రంగం (రంగూన్) వెళ్ళిన తెలుగువాళ్ళు, పరదేశీ ద్వేషం: తరచుగా అడిగే ప్రశ్నలు

బర్మాలో (ఇప్పటి మయన్మార్) తెలుగువాళ్ళ గురించి ఎక్కడ మాట్లాడినా చివర్లో అవే సందేహాలు వస్తుంటాయి. "మనవాళ్ళు ఏం చేశారని అంత కోపం?" దగ్గర మొదలై, "మరి ఇక్కడికొచ్చే బీహారీల సంగతేంటి?" దగ్గర తేలుతాయి. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒకచోట రాశాను. ఎవరికి కావాల్సిన ప్రశ్న వాళ్ళు చదువుకోవచ్చు, వరసగా చదవక్కర్లేదు. పరదేశీ ద్వేషానికి లోకంలో ఉదాహరణలు కొల్లలు. బర్మానే ఎంచుకోవడానికి కారణం ఒకటే: అక్కడ దెబ్బలు తిన్నది శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల కూలీలు. మనవాళ్ళ కథ కాబట్టి కాస్త మనసు పెట్టి వింటారని ఆశ.

## వలస రోజులు

పరదేశీ ద్వేషం అంటే ఏమిటి? జాత్యహంకారమూ ఇదీ ఒకటేనా?

ఒకటే కాదు గానీ తరచూ కలిసే ఉంటాయి. జాత్యహంకారం "నీ పుట్టుక తక్కువ" అంటుంది. పరదేశీ ద్వేషం "నువ్వు ఇక్కడివాడివి కాదు, మా కూడు లాక్కోవడానికి వచ్చావు" అంటుంది. అందుకే ఒకే రంగు, ఒకే మతం ఉన్నవాళ్ళ మధ్య కూడా ఇది పుడుతుంది. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళే జింబాబ్వే, మొజాంబిక్ నుంచి వచ్చిన నల్లవాళ్ళ మీద దాడి చేశారు. ఎదుటివాడు నిజంగా పరాయివాడై ఉండాల్సిన పని కూడా లేదు, అలా కనిపిస్తే చాలు.

మనవాళ్ళు సముద్రం దాటి అంత దూరం ఎందుకు వెళ్ళారు?

అప్పులు, కరువులు, ఊళ్ళో దొరకని కూలి. 1852 యుద్ధంలో దిగువ బర్మాను ఆక్రమించుకున్నాక బ్రిటిష్‌వాళ్ళు ఐరావతీ డెల్టాను వరి పొలాలుగా మార్చారు. పండిన ధాన్యాన్ని మర పట్టడానికి, బస్తాలు మోసి ఓడలకెత్తడానికి మనుషులు కావాలి. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కాబట్టి పాస్‌పోర్టు గొడవ లేదు. విశాఖపట్నంలోనో కాకినాడలోనో స్టీమరెక్కి, డెక్ మీద మూటాముల్లె పెట్టుకుని కూర్చుంటే కొన్ని రోజుల్లో రంగూన్. టికెట్ డబ్బు, ఇంట్లో ఇవ్వడానికి కొంత అడ్వాన్సు కూలీలను కూడగట్టే మేస్త్రీ ఇచ్చేవాడు. అది తీరేదాకా కూలిలో కోత. అంటే ఓడ దిగేసరికే మనిషి అప్పుల్లో ఉండేవాడు. ఎంత కూలి ఇచ్చినా ఒప్పుకునేవాడు. తర్వాత వచ్చిన గొడవల్లో ఈ మేస్త్రీ అప్పుకు పెద్ద పాత్రే ఉంది.

రంగూన్‌లో భారతీయులే ఎక్కువ అంటారు, నిజమేనా?

నిజమే. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగం కంటే ఎక్కువమంది భారతీయులు. బర్మా మొత్తం మీద భారతీయులు 10 లక్షల పైచిలుకు, వాళ్ళలో తెలుగువాళ్ళు సుమారు లక్షన్నర. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద తెలుగు కూలీలందర్నీ "కోరంగీలు" అనేవాళ్ళు. ఓడరేవులో మోత, బియ్యం మిల్లులు, రిక్షా లాగడం, పాకీ పని ఎక్కువగా వీళ్ళవే.

అక్కడ ఎలా బతికేవాళ్ళు?

మందల్లా. కూలీల బసల్లో ఒక గదికి ఇంతమందే ఉండాలని మునిసిపాలిటీ నిబంధన ఉండేది, దాన్ని ఎవరూ లెక్క చేసేవాళ్ళు కాదు. చోటు చాలనివాళ్ళు రోడ్డు పక్కనే పడుకునేవాళ్ళు. ఆడవాళ్ళు చాలా తక్కువ. రెండు మూడేళ్ళు పనిచేసి, అప్పు తీర్చి, నాలుగు డబ్బులు చేతబట్టుకుని ఊరు చేరాలన్నదే ఆలోచన. బర్మా భాష నేర్చుకోవాల్సిన అవసరం కూడా వచ్చేది కాదు, ఎందుకంటే మేస్త్రీ తెలుగువాడు, పక్కవాడు తెలుగువాడు, బజార్లో హిందుస్తానీ నడిచేది.

## కోపం పేరుకున్న కాలం

అసలు మనవాళ్ళు ఏం చేశారని బర్మావాళ్ళకు అంత కోపం?

కూలీలు చేసిందేమీ లేదు, తక్కువ కూలికి పనిచేయడం తప్ప. కానీ బర్మా యువకుడి వైపు నుంచి చూడండి. అతని రాజధానిలో అతనే మైనారిటీ. రేవులో పని అడిగితే మేస్త్రీ తన ఊరివాళ్ళనే పెట్టుకుంటాడు. ఆఫీసులో గుమాస్తా, రైల్వేలో ఉద్యోగి, చాలాచోట్ల పోలీసు కూడా భారతీయుడే. పల్లెకు వెళితే అప్పిచ్చేవాడు చెట్టియారు. అతనికి వీళ్ళంతా ఒక్కటే జనం. తమిళ చెట్టియారూ తెలుగు పాకీ మనిషీ ఒకరి గడప ఒకరు తొక్కరన్న సంగతి అతనికి తెలియదు, తెలిసినా అక్కర్లేదు.

బర్మాలో ఉద్యోగం చేసిన జె.ఎస్. ఫర్నివాల్ అనే బ్రిటిష్ అధికారి అక్కడి సమాజం గురించి ఒక మంచి పరిశీలన చేశాడు. రకరకాల జనం పక్కపక్కనే బతుకుతారు గానీ ఒకరికొకరు ఎదురుపడేది బజార్లో మాత్రమే అన్నాడు. బేరం తప్ప వేరే బంధం లేనిచోట, బేరం చెడిన రోజున ఆపేవాడు ఉండడు.

చెట్టియార్లు భూములు లాక్కున్నారన్నది నిజమా, ప్రచారమా?

భూములు వాళ్ళ చేతికి పోయిన మాట నిజం. 13 ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930లో సాగుభూమిలో సుమారు 6 శాతం చెట్టియార్ల పేరున ఉంటే, 1937-38 నాటికి అది 25 శాతానికి చేరింది. ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర సగానికి పైగా పడిపోయింది, రైతులు తాకట్టు విడిపించుకోలేకపోయారు. చెట్టియార్లకూ ఆ పొలాలు అక్కర్లేదు, వాళ్ళకు కావాల్సింది రొక్కం. కానీ పొలం పోగొట్టుకున్న రైతుకు ఈ వివరణ ఎందుకు? కత్తి దూసినప్పుడు మాత్రం ఎక్కువగా బలైంది సెంటు భూమి కూడా లేని కూలీ.

వాళ్ళ బాధలో న్యాయం ఉన్నప్పుడు దాన్ని ద్వేషం అనడం సబబేనా?

సబబే. బాధ నిజం కావడం ఒకటి, దాన్ని ఎవరి మీద తీర్చుకున్నారన్నది మరొకటి. కూలి రేటు నిర్ణయించింది స్టీవడోర్ (ఓడల్లో సరుకు ఎత్తించి దించే) కంపెనీలు. రైతును మార్కెట్ ధరకు వదిలేసింది ప్రభుత్వం. బియ్యం, టేకు, నదీ రవాణా లాభాలు పోయింది పెద్ద బ్రిటిష్ కంపెనీలకు. అల్లర్లలో ఆ కంపెనీల బోర్డురూముల జోలికి ఎవరూ పోలేదు, అది కుదిరే పనీ కాదు. చేతికందేవాడు పక్క బస్తా మోసేవాడే. పరదేశీ ద్వేషం దాదాపు ప్రతిచోటా ఇలా అందుబాటులో ఉన్నవాడి మీదే పడుతుంది. పైవాడికి అది ఎంత సౌకర్యమో వేరే చెప్పాలా!

## అల్లర్ల నుంచి ఓడల దాకా: 1930–1964

1930 మేలో రంగూన్‌లో సరిగ్గా ఏం జరిగింది?

తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. స్టీవడోర్లు సమ్మె విరగ్గొట్టడానికి బర్మా కూలీలను తెచ్చారు. అప్పటిదాకా వాళ్ళకు రేవులో చోటు లేదు, ఇన్నాళ్ళకు దొరికింది కదా అని వచ్చారు. ఇంతలో సమ్మెదారులతో రాజీ కుదిరింది, మే 26 ఉదయం పాతవాళ్ళు పనిలోకి రావాలి. బర్మా కూలీలకు "మీ పని అయిపోయింది" అని ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ ఉదయం రెండు గుంపులూ రేవు దగ్గరకొచ్చాయి. బర్మావాళ్ళను పొమ్మన్నారు. అప్పట్లో రంగూన్‌లో మేజిస్ట్రేటుగా పనిచేసిన మారిస్ కాలిస్ రాసినదాని ప్రకారం, అదే సమయానికి వాళ్ళ భార్యలు మొగుళ్ళకు అన్నం మూటలు పట్టుకుని వచ్చారు. పని పోయినవాడికి అన్నం తెచ్చారని మన కూలీలు వాళ్ళను చూసి ఎగతాళి చేశారు.

అక్కడ అంటుకుంది. రేవులో మొదలైన కొట్లాట గంటల్లో వీధులకు పాకింది. కత్తులు, ఇనుప కడ్డీలతో బసల మీద పడ్డారు. కొన్ని రోజులు సాగింది. అధికార లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు వంద దాటారు, అసలు సంఖ్య అంతకంటే బాగా ఎక్కువన్న అభిప్రాయం బలంగా ఉంది. వేలమంది తెలుగువాళ్ళు ఖాళీగా ఉన్న పాత పిచ్చాసుపత్రి భవనంలో తలదాచుకున్నారు. రిక్షాలు లేవు, చెత్త ఎత్తే నాథుడు లేడు, పాయిఖానాలు శుభ్రం చేసేవాడు లేడు, ఊరు కంపు కొట్టింది.

తర్వాత రేవు పనిలో బర్మావాళ్ళకూ వాటా ఇచ్చేలా ఏర్పాటు చేశారు. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో కడుపు మండే విషయం ఇదే. సమ్మె రోజుల్లోనే ఆ వాటా మాట ఎవరైనా ఎత్తి ఉంటే సరిపోయేది.

1938 అల్లర్లు కూడా కూలి గొడవేనా?

కాదు. ఈసారి మతం. బౌద్ధాన్ని కించపరిచిందంటూ ఒక పాత పుస్తకాన్ని బయటికి తీశారు. జూలై 26న ష్వేడగోన్ పగోడా దగ్గర సభ, అక్కడినుంచి ఊరేగింపు, దాడులు. పత్రికలు ఆజ్యం పోశాయి. ప్రధాన లక్ష్యం ముస్లింలు, కానీ ఇతర భారతీయులూ దెబ్బలు తిన్నారు. "మన ఆడపిల్లలను పరాయివాళ్ళు పెళ్ళాడుతున్నారు" అన్న మాట అప్పుడు బాగా వినిపించింది. బౌద్ధ స్త్రీల వివాహాల మీద 1939లో ఒక చట్టమే వచ్చింది. 2015లో మయన్మార్ మళ్ళీ అలాంటి చట్టం చేసింది.

1942లో లక్షలమంది నడిచి వచ్చింది జపాన్ యుద్ధం వల్ల కదా? అందులో ద్వేషం ఏముంది?

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో ఊరు వాళ్ళ వశమైంది. కానీ బర్మా జనం అడవుల దారి పట్టలేదు, పట్టింది భారతీయులు. పోలీసూ సైన్యమూ వెళ్ళిపోయాక తమ గతేమిటో 1930 చూసినవాళ్ళకు తెలుసు. ఓడలు, విమానాలు ముందుగా తెల్లవాళ్ళకు దక్కాయి. మిగిలినవాళ్ళు అరకాన్ కొండల మీదుగా, సరిహద్దు ఊరు టము దాటి మణిపూర్‌కు, హుకాంగ్ లోయ గుండా అస్సాంకు నడిచారు. 4–5 లక్షలమంది వచ్చారని అంచనా. మలేరియా, కలరా, ఆకలి వేలమందిని దారిలోనే తీసుకుపోయాయి. ఓడ దొరికి విశాఖలోనో కాకినాడలోనో దిగినవాళ్ళకూ నెమ్మది లేదు, ఏప్రిల్ 6న ఆ రెండు ఊళ్ళ మీదా జపాన్ బాంబులు వేసింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఉండిపోయినవాళ్ళు పౌరసత్వం ఎందుకు తీసుకోలేదు? తప్పు వాళ్ళదే కదా?

కొంతమంది అశ్రద్ధ చేశారు, నిజమే. కానీ 1948 చట్టం ప్రకారం బయటివాళ్ళు పౌరసత్వం కోరాలంటే గడచిన పదేళ్ళలో ఎనిమిదేళ్ళు బర్మాలో ఉన్నట్టు చూపించాలి. బసలో పడుకుని మేస్త్రీ దగ్గర కూలి తీసుకున్నవాడి పేరున ఏ కాగితం ఉంటుంది? అద్దె రసీదు లేదు, జీతం చిట్టా లేదు, యుద్ధంలో ఆఫీసుల రికార్డులే తగలబడ్డాయి. దరఖాస్తు పెట్టినవాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి జవాబు రాలేదు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కూడా విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డుతోనే బతికారు.

1964లో వెళ్ళగొట్టారా, వాళ్ళంతట వాళ్ళే వచ్చేశారా?

మెడ పట్టి గెంటలేదు, బతికే దారి మూసేశారు. 1962 మార్చిలో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. బ్యాంకులు, తర్వాత 1964 మార్చిలో దుకాణాలు ప్రభుత్వపరం. మేలో 50, 100 క్యాట్ నోట్లు రద్దు. ఉద్యోగాల్లో పౌరులకే చోటు. చట్టంలో "భారతీయులు" అన్న మాట లేకుండానే దెబ్బ వాళ్ళకే తగిలింది. భారత ప్రభుత్వం ఓడలు పంపింది. సంపాదించిన డబ్బు, నగలు వెంట తెచ్చుకోనివ్వలేదు. లక్షలమంది అలా కట్టుబట్టలతో దిగారు.

## తర్వాత ఎవరికి ఏమైంది

పరాయివాళ్ళు పోయాక బర్మావాళ్ళు బాగుపడ్డారా?

లేదు. యుద్ధానికి ముందు ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న దేశం, 1960ల చివరికి అందులో చిన్న వంతు మాత్రమే పంపగలిగింది. 1987లో ఐక్యరాజ్యసమితి దాన్ని అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది. ఇదంతా భారతీయులు పోవడం వల్లే అంటే అతిశయోక్తి. అంతర్యుద్ధాలు, సైనిక పాలన, నడపడం చేతకాని ప్రభుత్వ దుకాణాలు అన్నీ కారణాలే. ఖాళీ అయిన దుకాణం తాళాలు మాత్రం పక్కింటి బర్మావాడికి దక్కలేదు. సైన్యానికి దక్కాయి.

ఇలాంటి ద్వేషం ఒక జనంతో ఆగుతుందా?

బర్మాలో ఆగలేదు. తెలుగు కూలీల మీద దాడి జరిగిన ఎనిమిది నెలలకే, 1931 జనవరిలో, రంగూన్‌లో చైనీయుల మీద పడ్డారు. 1967లో మళ్ళీ చైనీయులే. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందునుంచీ ఉన్న జాతులే అసలు జాతులంది. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల్లో రోహింగ్యాలు లేరు. 2017 ఆగస్టు తర్వాత 7 లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఈ పరాయివాడు పోతే ఇంకో పరాయివాణ్ణి వెతుకుతారు.

సొంతవాళ్ళకూ రక్షణ ఉండదు. 2008 మేలో దక్షిణాఫ్రికాలో విదేశీయుల మీద జరిగిన దాడుల్లో 62 మంది చనిపోతే, వాళ్ళలో 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే. మొహం చూసి, యాస విని గుంపు తీర్పు చెప్పేస్తుంది, గుర్తింపు కార్డు తీసి చూపించే వ్యవధి ఇవ్వదు.

తిరిగొచ్చినవాళ్ళను ఇక్కడ బాగా చూసుకున్నారా?

అరకొరగా. విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. తమిళనాడులో బర్మా కాలనీలు, చెన్నై రేవు దగ్గర బర్మా బజారు అలా వచ్చినవే. అక్కడ "ఇండియావాళ్ళు" అనిపించుకున్నవాళ్ళు ఇక్కడ "బర్మావాళ్ళు" అయ్యారు. ఇక్కడ ఇమడలేక కాలినడకన తిరిగి బర్మా వెళ్ళబోయిన కొందరు తమిళులను సరిహద్దులో ఆపేస్తే, మణిపూర్‌లోని మోరేలోనే స్థిరపడిపోయారు. అటు మయన్మార్‌లో ఉండిపోయిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. యాంగోన్ (రంగూన్), మౌల్మెయిన్, బగో ప్రాంతాల్లో రామమందిరాలు నడుపుకుంటూ, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుకుంటున్నారు.

## ఇప్పుడు, ఇక్కడ

అమెరికాలో మనవాళ్ళు చదువుకున్నవాళ్ళు, పన్నులు కట్టేవాళ్ళు. వాళ్ళ మీద కూడా ఎందుకు?

పరదేశీ ద్వేషం బయోడేటా అడగదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేత బార్‌లో హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపినవాడు "నా దేశం నుంచి పొండి" అని అరిచాడు. చంపాక ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. మంచి ఉద్యోగం, మంచి ఇంగ్లిషు ఉంటే మనల్ని వేరుగా చూస్తారన్న నమ్మకం మన తల్లిదండ్రుల్లో ఎక్కువ. అదే బార్‌లో అడ్డుపడి తూటా తిన్నది అక్కడి అమెరికన్ ఒకడు అన్నదీ మరిచిపోకూడదు.

స్థానికులకే ఉద్యోగాలు కావాలనడం కూడా పరదేశీ ద్వేషమేనా?

కాదు, ఆ డిమాండు ప్రభుత్వానికి ఎదురుగా నిలబడి అడిగినంతవరకు. హైదరాబాద్‌లో 1952 ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలు కావాలన్న) ఆందోళన వెనక నిజమైన ఫిర్యాదు ఉంది: నిబంధనలు ఉండగానే బయటివాళ్ళకు తప్పుడు సర్టిఫికెట్లతో ఉద్యోగాలిచ్చారు. ఆ ఫిర్యాదు తర్వాత ఆరు సూత్రాల పథకంగా, రాజ్యాంగంలో 371డి అధికరణంగా చట్టంలోకి ఎక్కింది. అదే ఆందోళనలో "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అన్న నినాదమూ వినిపించింది. మొదటిది హక్కు. రెండోది పక్కింటివాడి వంటింట్లోకి తొంగిచూడటం. రెండూ ఒకే ఊరేగింపులో నడవగలవు కాబట్టే జాగ్రత్తగా ఉండాలి.

బీహార్, ఒడిశా కూలీలు వచ్చి మా కూలి రేట్లు పడగొడుతున్నారు. ఈ మాట అంటే నేను ద్వేషిస్తున్నట్టా?

అనొచ్చు, అది చాలాచోట్ల నిజం కూడా. అడగాల్సింది కాంట్రాక్టరును. కనీస వేతనం ఏ రాష్ట్రంవాడికైనా ఒకటే, చట్టం పుట్టిన ఊరు చూడదు. అడ్వాన్సు ఇచ్చి, షెడ్డులో కుక్కి, తక్కువకు పని చేయించుకునేవాడు నిన్నటి మేస్త్రీకి మనవడే. వలస కూలీకి అందరితో సమానంగా కూలి ఇప్పించగలిగితే అతన్ని తెచ్చుకోవడంలో కాంట్రాక్టరుకు మిగిలేదేమీ ఉండదు, మీ రేటూ నిలబడుతుంది. యూనియన్‌లో వాళ్ళను చేర్చుకోండి. భాష రాదు, నిజమే, కానీ కూలి అంకెలకు భాష అక్కర్లేదు.

హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాలు ఉండటం ప్రమాదమేనా?

నేరం చేసినవాడి మీద కేసు పెట్టడానికి మన చట్టాలు చాలు, దానికి బస్తీ మొత్తాన్ని నేరస్తులనక్కర్లేదు. భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. అందుకే ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఉన్నా వాళ్ళకు ఇక్కడ స్థిరమైన హోదా లేదు. వాళ్ళను ఎంతకాలం ఉంచాలన్నది ప్రభుత్వ విధానం, దాని మీద వాదించుకోవచ్చు. చెత్త ఏరుకునే కుటుంబం గుడిసెను ఫోన్‌లో వీడియో తీసి పెట్టడం విధానం కాదు.

వాట్సాప్‌లో "ఫలానావాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు" అని వస్తుంది. నిజమో కాదో తెలియదు కదా, ముందుజాగ్రత్తగా పంపితే తప్పేంటి?

తప్పే. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ మీద దాడులు జరుగుతాయన్న మెసేజ్‌లు వ్యాపించి, బెంగళూరు నుంచి వేలమంది గువాహటి రైళ్ళెక్కారు. రైల్వే ప్రత్యేక రైళ్ళు వేయాల్సి వచ్చింది. కేంద్రం కొన్నాళ్ళు మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌ల మీద పరిమితి పెట్టింది. ఆ మెసేజ్‌లు పంపినవాళ్ళలో చాలామంది స్నేహితులను కాపాడుతున్నామనే అనుకున్నారు. అనుమానం ఉంటే 112కు ఫోన్ చేయండి, గ్రూపులో పెట్టకండి.

ఇలా రెచ్చగొట్టేవాళ్ళ మీద కేసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మతం, జాతి, పుట్టిన చోటు, నివాసం, భాష లాంటి కారణాలతో జనాల మధ్య శత్రుత్వం పెంచడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196 కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. పాత ఐపీసీలో ఇదే 153ఎ. స్క్రీన్‌షాట్‌లో తేదీ, సమయం, పంపిన నంబరు కనిపించేలా చూసుకోండి. మెసేజ్‌ను ఫోన్‌లోంచి తీసేయకుండా అలాగే ఉంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళండి.